సాయంత్రానికి కూలి, పొలం ఓరన గింజలు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీ తాతయ్య వందనాలు. పరిశుద్ధంగా బతకాలంటే ఏం చేయాలని మీరు తరచూ అడుగుతుంటారు. ఇంకా ఎక్కువ ప్రార్థించాలా, ఉపవాసం ఉండాలా అని. రెండూ మంచివే, మానకండి. అయితే పరిశుద్ధంగా ఉండమన్న మాట దేవుడు ఎక్కడ చెప్పాడో, చెప్పిన వెంటనే ఏం మాట్లాడాడో ఒక్కసారి చూడండి.

లేవీయకాండం 19వ అధ్యాయం తీయండి. ఆదికాండం నుంచి వరసగా చదువుకుంటూ వచ్చి, బలుల దగ్గరా కుష్ఠు నియమాల దగ్గరా విసుగొచ్చి చాలామంది ఆగిపోతారు. ఇంకొంచెం ముందుకెళ్తే ఈ అధ్యాయం వస్తుంది. నేను పరిశుద్ధుణ్ణి గనుక మీరూ పరిశుద్ధులై ఉండాలంటాడు దేవుడు. ఆ వెంటనే అమ్మానాన్నల సంగతి, విశ్రాంతి దినం సంగతి ఎత్తుతాడు. కాసేపటికే పొలంలోకి దిగుతాడు. పంట కోసేటప్పుడు పొలం ఓరలు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదవాళ్లకూ పరదేశులకూ వదిలేయండి. కూలివాడి కూలి తెల్లారేదాకా మీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు. తూకంరాళ్లు సరిగ్గా ఉండాలి. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించాలని యేసు ప్రభువు ఎత్తి చెప్పిన మాట కూడా ఈ అధ్యాయంలోదే. అంటే పరిశుద్ధత గురించి అడిగితే దేవుడు పొలమూ కూలీ తూకమూ చూపించాడు. నేను జీవితమంతా పట్టుకు వేలాడిన సంగతి ఇదొక్కటే.

ముందు కూలి సంగతి. ద్వితీయోపదేశకాండం 24లో ఇదే ఆజ్ఞ మళ్లీ వస్తుంది, అక్కడ కారణం కూడా ఉంది. పొద్దు గూకకముందే ఇచ్చేయమంటాడు. ఎందుకంటే వాడు బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. మా ఊళ్లో నాట్లప్పుడు నేను చూసేవాణ్ణి. సాయంత్రం ఆడవాళ్లు కాళ్లకు బురద ఆరకుండానే ఆసామి అరుగు ముందు నిలబడేవారు. "రేపు రండమ్మా" అంటే గొడవ పడేవాళ్లు కాదు, కొంగు దులుపుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆ పూట నూకలు కొట్లో అప్పు పెట్టాల్సిందే. ఇచ్చేవాడికి అది ఒక్క రాత్రి ఆలస్యం. ఇంట్లో పొయ్యి వెలగాల్సింది మాత్రం ఆ రాత్రే కదా! అలా బిగబట్టిన కూలి మొర పెడుతుందని, కోసినవాళ్ల కేకలు దేవుడి చెవుల్లో పడ్డాయని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు.

మత్తయి 20లో ద్రాక్షతోట ఉపమానం మీకు తెలుసు. సాయంత్రం అయిదింటికి పనిలోకి వచ్చినవాళ్లకూ, పొద్దున్నుంచి చేసినవాళ్లతో సమానంగా ఒక దేనారమే, అంటే ఒక రోజు కూలే, ఇవ్వడం గురించే ప్రసంగాల్లో వింటాం. దానికి ముందు మాట మీద మనసు పెట్టండి. సాయంకాలం కాగానే యజమాని గృహనిర్వాహకుణ్ణి పిలిచి కూలి ఇమ్మన్నాడు. ఆజ్ఞ అక్షరాలా నెరవేరింది. ఆ చివరివాళ్లు సోమరులనుకోకండి. ఎవరూ మమ్మల్ని పనికి పెట్టుకోలేదని వాళ్లే చెప్పారు. మన పట్టణాల్లో కూలీల అడ్డా దగ్గర పొద్దున ఒకసారి నిలబడి చూడండి. మేస్త్రీలు వచ్చి బలంగా ఉన్నవాళ్లను ముందు ఎక్కించుకుంటారు. పదింటికి ముసలివాళ్లు, నీరసంగా ఉన్నవాళ్లు మిగులుతారు. చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉంటుంది. ఆ డబ్బాతో ఇంటికి తిరిగెళ్లేవాడి మొహం చూశాక, ఆ యజమాని మంచితనం ఎంతటిదో నాకు అర్థమైంది.

ఇక పరిగె. దీన్ని చదవాల్సింది రూతు గ్రంథం 2వ అధ్యాయంలో. బేత్లెహేములో యవల కోత. మోయాబు దేశం నుంచి వచ్చిన విధవరాలు రూతు, పరాయి పిల్ల, కోసేవాళ్ల వెనక గింజలు ఏరుకుంటోంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పొలం యజమాని బోయజు ఆమెను దగ్గరకు పిలిచి, రొట్టె చిరకాలో, అంటే పులిసిన ద్రాక్షరసంలో, ముంచుకుని తినమన్నాడు, పేలాలు అందించాడు. ఆమె కడుపు నిండా తిని కొన్ని మిగిల్చుకుంది, ఇంటి దగ్గర అత్త ఉంది గనుక. ఆమె లేచి మళ్లీ ఏరడానికి వెళ్లాక బోయజు పనివాళ్లకు ఒక మాట చెప్పాడు: పనల మధ్య కూడా ఏరుకోనివ్వండి, కట్టల్లోంచి కొన్ని కావాలనే లాగి వదిలేయండి, ఆమెను గద్దించకండి. ఆ సాయంత్రం దుళ్లగొడితే దాదాపు తూమెడు యవలు వచ్చాయి. అందులో ఎన్ని రాలినవో, ఎన్ని కావాలని రాల్చినవో రూతుకు తెలియదు. అన్నీ తన కష్టార్జితమే అనుకుని ఉంటుంది. అలాగే అనుకోవాలని బోయజు కోరుకున్నాడని నా నమ్మకం.

క్రిస్మస్‌కు మన సంఘాల్లో దుప్పట్లు పంచుతాం. మంచి పనే. కానీ ముసలమ్మను వేదిక మీదికి పిలిచి, దుప్పటి చెరో కొసా పట్టుకుని కెమెరా వైపు చూడమనడం నాకు బాధగా ఉంటుంది. ఆ ఫొటో లేకపోయినా దుప్పటి వెచ్చగానే ఉంటుంది కదమ్మా. మీ చేతికి ఆ పని వచ్చినప్పుడు ఇంటికి వెళ్లి ఇచ్చిరండి.

మన తెలుగు క్రైస్తవుల చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం కూడా కూలి గురించిందే. 1876-78 మధ్య వచ్చిన పెద్ద కరువులో, దాన్నే ధాత కరువు అనేవారు, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు పాలైనవాళ్లకు పని చూపించారు. పారపట్టి తవ్వినవాళ్లకు కూలి. కరువు నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, గంజి కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ లెక్క మన ప్రసంగాల్లో తరచూ వినబడుతుంది, కాలువ కూలి అంతగా వినబడదు. నాకైతే ఆ కూలి కూడా సువార్తే.

మీకిప్పుడు పొలాలు లేవు. ఉన్న ఊళ్లలోనూ వరికోత మిషన్లు వచ్చాక పరిగె ఏరేవాళ్లు కనబడటం లేదు. మీ పొలం మీ జీతమే. ఓర అంటే కోత అయ్యాక మిగిలింది కాదు, అసలు కొడవలే పెట్టకుండా వదిలింది. కాబట్టి జీతం పడిన రోజునే, అద్దె, ఈఎంఐ లెక్క వేయకముందే ఒక భాగం పక్కన పెట్టండి. నెలాఖరున చూద్దామంటే ఏమీ మిగలదు. ఇంట్లో పనిచేసే ఆమె జీతం ఒకటో తారీఖున ఇవ్వండి. మీరు ఊరెళ్తుంటే ముందే ఇచ్చి వెళ్లండి. పంపు బాగుచేసినతని చేత రెండుసార్లు ఫోన్ చేయించుకోవద్దు, గుమ్మం దాటకముందే డబ్బులు వేయండి.

రూతు 2వ అధ్యాయంలో ఉన్నవి 23 వచనాలే. ఈ వారం కుటుంబ ప్రార్థనలో అందరూ తలా కొన్ని చదవండి. పేలాల వచనం చిన్నదానికివ్వండి.

ప్రేమతో,
మీ తాతయ్య