ఒకే దేశానికి ఇన్ని పేర్లా?

పిల్లలూ,

జర్మనీని జర్మన్లు జర్మనీ అనరు. వాళ్లకది డాయిచ్‌లాండ్. ఫ్రెంచివాళ్లు అల్మాన్ అంటారు, ఫిన్లాండువాళ్లు సాక్సా అంటారు. ఇన్ని పేర్లు ఎవరు పెట్టారనుకుంటున్నారు? ఇరుగుపొరుగువాళ్లే. జర్మనీ ఒకే దేశంగా ఏర్పడింది 1871లో. అంతకు చాలా ముందు నుంచీ అక్కడ రకరకాల తెగలుండేవి. ఫ్రాన్సు వైపు ఉన్నవాళ్లు అలమన్నీలు. ఫిన్లాండువాళ్లకు పరిచయమైనవాళ్లు శాక్సన్లు. ఎవరికి ఏ తెగ ఎదురుపడితే ఆ పేరే మొత్తానికీ తగిలించేశారు. పోలండువాళ్లది మరీ తమాషా. వాళ్లు పిలిచే పేరు 'మూగ' అనే మాట నుంచి వచ్చిందంటారు. మన భాష రానివాడు మూగవాడి కిందే లెక్క అన్నమాట!

గ్రీసుదీ ఇదే వరస. పర్షియావాళ్లకు ముందు తెలిసింది అయోనియా గ్రీకులు కాబట్టి దేశమంతా యూనాన్ అయిపోయింది. మన పాత గ్రంథాల్లోని యవనులూ ఆ అయోనియా పేరు నుంచి వచ్చినవాళ్లే. అక్కడివాళ్లేమో ఎల్లాడా అంటారు.

ఖండాల దగ్గర ఇంకో పేచీ. మీ పుస్తకంలో ఏడు ఖండాలుంటాయి. లాటిన్ అమెరికా బళ్లలో మాత్రం ఉత్తర, దక్షిణ అమెరికాలు కలిపి ఒకే ఖండమని చెబుతారు. మనం అమెరికా అంటే వాషింగ్టన్ రాజధానిగా ఉన్న దేశమే. కొలంబియావాళ్ల ముందు అలా అన్నారనుకోండి, "మరి మేమెవరం?" అని అడిగినా అడుగుతారు. ఒలింపిక్ జెండా మీద వలయాలు ఐదే. అక్కడా అమెరికాలు రెండూ కలిపి ఒకటే. అంటార్కిటికాకి చోటే లేదు, పాపం. ఇందులో ఎవరిదీ తప్పు కాదు. ఆసియాకూ ఐరోపాకూ మధ్య అడ్డంగా సముద్రమేమైనా ఉందా? ఉరల్ కొండల్ని చూపించి, ఇదే హద్దు అని మనుషులే అనుకున్నారు.

హాలండ్ అన్నా నెదర్లాండ్స్ అన్నా ఒకటేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ దేశంలోని 12 రాష్ట్రాల్లో రెండింటికే హాలండ్ అనే పేరుంది.

టర్కీ అయితే తనను ఇకపై తుర్కియే అనాలని 2022లో ఐక్యరాజ్యసమితికి రాసింది. కాగితాల మీద మారింది. నోటికి అలవాటైన పేరు మాత్రం అంత తొందరగా పోదని నా అనుమానం. రష్యావాళ్లను చూడండి. సుమారు వెయ్యేళ్ల కిందట చైనా ఉత్తరాన్ని ఏలినవాళ్లు ఖితాన్లు. వాళ్ల రాజ్యం 1125లోనే పోయింది. రష్యాలో మాత్రం చైనాని ఇవాళ్టికీ 'కితాయ్' అనే పిలుస్తారు.

మీ తాతయ్య