గోడకు రంగు, మేస్త్రీకి కూలీ: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఇరవై రెండేళ్లుగా ఇళ్లకు రంగులు వేసే పనిలో ఉన్నాను. మొదటి ఎనిమిదేళ్లు ఇంకో మేస్త్రీ దగ్గర చేశాను, తర్వాత సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టాను. నాతో నలుగురు కుర్రాళ్లు ఉంటారు. ఇన్నేళ్లలో పని బాగాలేక వచ్చిన గొడవల కంటే, ముందు డబ్బు సరిగ్గా మాట్లాడుకోక వచ్చిన గొడవలే ఎక్కువ చూశాను. ఇంటివాళ్లకు మా లెక్క తెలియదు, మేమూ విప్పి చెప్పం. అందుకే నా దగ్గరున్న లెక్కంతా ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: ఫ్లాట్ ఎన్ని అడుగులైతే రంగు కూడా అన్ని అడుగులే

"మాది వెయ్యి అడుగుల ఫ్లాట్ అండీ, మీరేంటి మూడు వేల అడుగుల పైన వేశారు?" ఈ మాట వినని మేస్త్రీ ఉండడు.

వెయ్యి అడుగులు అనేది నేల లెక్క. మేం రంగు వేసేది గోడలకీ, సీలింగ్‌కీ. పది బై పన్నెండు గది ఒకటి తీసుకోండి, ఎత్తు పది అడుగులు. నాలుగు గోడలు కలిపి చుట్టుకొలత 44 అడుగులు, ఎత్తుతో గుణిస్తే 440. సీలింగ్ 120. మొత్తం 560 చదరపు అడుగులు. ఏడు బై మూడు తలుపుకి 21, నాలుగు బై నాలుగు కిటికీకి 16 తీసేస్తే 523 మిగులుతుంది. గది నేల మాత్రం 120 అడుగులే. ఇంట్లో అల్మారాలు, టైల్స్ వేసిన గోడలు ఉంటాయి కాబట్టి ఇల్లంతా చూసుకుంటే నేల కొలతకు మూడు, మూడున్నర రెట్లు వస్తుంది. అది కూడా లోపలి నేల కొలతకి. మీ దస్తావేజులో రాసిన అంకెలో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా కలిసి ఉండొచ్చు, దాన్ని పట్టుకుని లెక్కేస్తే ఇద్దరికీ తేడా వస్తుంది.

తలుపులు, కిటికీలు తీసేయాలా వద్దా అన్నది ఇంకో పేచీ. కొందరు మేస్త్రీలు అసలు తీసేయరు, కిటికీ పక్క చెక్కులూ (చుట్టూ కనపడే గోడ మందం), అంచు కటింగూ (అంచుల వెంట బ్రష్షుతో దిద్దడం) దానికి సరిపోతాయంటారు. అందులో కొంత నిజం ఉంది. ప్రభుత్వ పనుల కొలతల్లో కూడా అర చదరపు మీటరు, అంటే ఐదడుగుల చిల్లర లోపు ఉన్న ఖాళీని తీసేయరు. కానీ 21 అడుగుల తలుపు అంత చిన్నది కాదు. నేనైతే తలుపులు, పెద్ద కిటికీలు తీసేస్తాను, పక్క చెక్కుల్ని విడిగా కొలుస్తాను. మీ మేస్త్రీ ఏ పద్ధతిలో కొలుస్తాడో, గోడ నున్నగా చేయడానికి పూసే పుట్టీ బస్తా దించకముందే అడగండి. టేపు ఒక చివర మీరే పట్టుకోండి. కొలతలు రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి. ఈ అరగంట పనికి బద్ధకించొద్దు.

అపోహ: రేటు ఎంత తగ్గించినా చేసే పని అదే కదా

దీని గురించి వివరంగా చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది.

ఆ 523 అడుగుల గదినే తీసుకుందాం. కొత్త గోడ, పుట్టీ నుంచి మొదలు. మొదటి కోటింగ్ పుట్టీ పెట్టి ఆరనివ్వాలి. రెండో కోటింగ్ పెట్టి మళ్లీ ఆరనివ్వాలి. తర్వాత ఎమరీ పేపర్‌తో గోడంతా రుద్దాలి. రుద్దాక రాత్రిపూట బల్బు ఒకటి గోడకి ఆనించినట్టు పక్కనుంచి పట్టి చూస్తాం. పగలు నున్నగా కనపడిన గోడ మీద గీతలు, గుంటలు అన్నీ ఆ వెలుతురులో నీడలు వేస్తాయి. వాటికి పెన్సిల్‌తో సున్నా చుట్టి, మర్నాడు మళ్లీ పుట్టీ పెట్టి రుద్దుతాం. దుమ్ము దులిపి ప్రైమర్, అంటే రంగు గోడను పట్టుకోవడానికి ముందు వేసే పూత, వేస్తాం. ఆ తర్వాత ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) రెండు కోటింగులు, మధ్యలో కనీసం నాలుగు గంటలు ఆగాలి. ఆరే సమయంలో పక్క గదిలో పని చేసుకుంటాం కాబట్టి, చేతి పని మాత్రమే లెక్కేస్తే ఈ గదికి ఇద్దరు మనుషులకు మూడు రోజులు పడుతుంది.

మేస్త్రీకి రోజుకు 1,100, హెల్పర్‌కు 800 అనుకుందాం. మీ ఊళ్లో ఇంకోలా ఉండొచ్చు, మీ అంకెలు పెట్టి చూసుకోండి. మూడు రోజులకు 5,700. లేబర్ రేటు అడుగుకి 12 రూపాయలైతే బిల్లు 6,276 వస్తుంది. మిగిలిన 576లోనే బ్రష్షులు, రోలర్లు, ఎమరీ, టేపు, నేల మీద పరిచే షీట్లు, ఆటో ఖర్చు, పని అయ్యాక టచప్‌కి వచ్చే పూట.

ఇప్పుడు ఎవరో వచ్చి ఏడు రూపాయలకు చేస్తానన్నాడు. 523కి 3,661. ఇద్దరికి రెండు రోజుల కూలీ కూడా రాదు. అతను మూడు రోజుల పని రెండు రోజుల్లోపు ముగించి తీరాలి, లేకపోతే పిల్లలకు అన్నం పెట్టలేడు. ఏం తగ్గిస్తాడు? పైకి కనపడే రంగు తగ్గించడు. రెండో పుట్టీ పోతుంది. రుద్దడం పైపైన అయిపోతుంది. దుమ్ము దులపకుండానే ప్రైమర్ పడుతుంది, ఒక్కోసారి ప్రైమరే పడదు. గృహప్రవేశం రోజు ఆ గోడ నా గోడలాగే మెరుస్తుంది. ఒక వానాకాలం గడిచాక టేపు అంటించి లాగితే రంగు పొరలా ఊడి వస్తుంది, వెనక పౌడర్ తెల్లగా చేతికి అంటుతుంది. ఆ గోడను బాగుచేయాలంటే మొత్తం గీకాలి. అప్పుడు అయ్యే ఖర్చు మొదటి ఖర్చు కంటే ఎక్కువ.

డబ్బు తక్కువగా ఉంటే ఆ మాట నేరుగా చెప్పండి, తప్పేమీ లేదు. పటమటలో ఒక రిటైర్డ్ టీచరమ్మ నన్ను కూర్చోబెట్టి, "మేస్త్రీ గారూ, కూలీకి నా దగ్గర నలభై వేలే ఉన్నాయి. దాంట్లో ఏం చెయ్యొచ్చో మీరే చెప్పండి" అన్నారు. అంత సూటిగా అడిగినవాళ్లు అరుదు. "హాలు, రెండు బెడ్‌రూములు పూర్తిగా చేద్దామమ్మా. వంటగది గోడలు గట్టిగానే ఉన్నాయి, పాత రంగు మీదే రుద్ది రెండు కోటింగులు వేద్దాం. బాల్కనీ వచ్చే ఏడాది చూద్దాం. సామాన్లు మీ వాళ్లు జరిపిస్తే మా మనిషికి ఒక రోజు మిగులుతుంది" అన్నాను. ఆవిడ అదంతా నోట్‌బుక్కులో రాసుకున్నారు, గది గదికీ కొలతలతో సహా. ఎన్ని గదులు, ఎన్ని కోటింగులు, పుట్టీ ఎక్కడ పూర్తిగా, ఎక్కడ అతుకులు మాత్రమే. బేరం ఆడాల్సింది వీటి మీద.

అపోహ: రంగు కొట్లో కమిషన్ వస్తుంది, కాబట్టి కూలీ తగ్గించొచ్చు

ఉన్న మాట చెప్తాను. ఒకప్పుడు రంగు డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు ఉండేవి, ఇప్పుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాయింట్లు పడతాయి. కొన్ని షాపులు కస్టమర్‌ని తెచ్చిన మేస్త్రీకి ఎంతో కొంత ఇస్తాయి. ఇది దాచాల్సిన పని లేదు. కానీ ఆ డబ్బు చూపించి కూలీ కోస్తే, మేస్త్రీకి ఎక్కువ డబ్బాలు కొనిపించాలన్న ఆశ మీరే పెట్టినట్టవుతుంది. ఆరు లీటర్లు పట్టే చోట పది రాస్తాడు.

కూలీ న్యాయంగా ఇచ్చి, మెటీరియల్ మీరే కొనుక్కోండి, బిల్లు మీ పేరు మీద తీసుకోండి. ఎంత కావాలో అంచనా ఇది: కిలో పుట్టీ రెండు కోటింగులకు పది నుంచి పదిహేను అడుగులు వస్తుంది. నున్నటి గోడ మీద లీటరు ఎమల్షన్ రెండు కోటింగులకు యాభై నుంచి డెబ్బై అడుగులు. ఆ 523 అడుగుల గదికి ఒక 40 కిలోల పుట్టీ బస్తా, ఇంకా కాస్త పట్టొచ్చు. ఎమల్షన్ తొమ్మిది లీటర్ల దగ్గర. మేస్త్రీ చెప్పింది దీనికి చాలా దూరంగా ఉంటే ఎందుకని అడగండి. ఎమల్షన్‌లో నీళ్లు కలపడం మోసం కాదు, ఎన్ని కలపాలో డబ్బా మీదే రాసి ఉంటుంది, చదివి పక్కన నిలబడి చూడండి.

ఇంకొకటి. రంగుల మీద జీఎస్టీ 2018 జూలైలో 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది డబ్బాల బిల్లులోనే ఉంటుంది. నాలా కూలీ పని మాత్రమే చేసే మేస్త్రీకి ఏడాది రాబడి 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కూలీ మీద కూడా జీఎస్టీ కట్టాలని ఎవరైనా అంటే, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు చూపించమనండి.

అపోహ: రోజు కూలీకి పెడితే సాగదీస్తారు, అడుగు లెక్కే మేలు

కొత్త ఇంటికైతే అడుగు లెక్కే మంచిది. పాత ఇంటికి మాత్రం అది ఇద్దరికీ చేటు. వన్‌టౌన్‌లో ఒక పాత ఇల్లు అడుగు లెక్కన ఒప్పుకున్నాను. గీకడం మొదలుపెడితే సున్నం పొరల మీద డిస్టెంపర్, దాని మీద ఇంకో రంగు, కింద భాగమంతా చెమ్మ. గీకేకొద్దీ గోడ రాలుతోంది. నాలుగు రోజులు అనుకున్నది పదకొండు రోజులైంది. ఆ ఇంటాయన మంచివారు, మధ్యలో పిలిచి "గీకుడు, రిపేరు రోజు లెక్కన తీసుకో, రంగు అడుగు లెక్కన వేద్దాం" అన్నారు. అప్పటినుంచి పాత ఇళ్లన్నీ అలాగే మాట్లాడుకుంటున్నాను.

పాత తలుపులు, గ్రిల్స్ గీకేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఆయిల్ పెయింట్లలో సీసం ఎక్కువగా ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము మా కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లోకీ, మీ చంటిపిల్లల చేతులకీ వెళ్తుంది. తడిపి రుద్దాలి, మాస్కు కట్టుకోవాలి, ఆ పూట పిల్లల్ని వేరే గదిలో ఉంచాలి. తడిపి రుద్దితే టైమ్ ఎక్కువ పడుతుంది. దానికి అడిగే అదనపు కూలీని అడ్డుకోవద్దు.

అపోహ: డబ్బంతా పని అయ్యాకే ఇవ్వాలి, లేకపోతే మధ్యలో వదిలేసి పోతాడు

అలా పోయినవాళ్లు ఉన్నారు, కాదనను. అదే భయం మాకూ ఉంటుంది. మా కుర్రాళ్లకు ఏ రోజు కూలీ ఆ రోజు సాయంత్రం చేతికి ఇవ్వాలి. మీరు చివర్లో ఇస్తానంటే ఆ ఇరవై రోజులూ మేస్త్రీ వడ్డీకి తెచ్చి ఇస్తాడు. ఒక ఇంట్లో పనంతా అయ్యాక షేడ్ తాము అనుకున్నంత లేతగా లేదని 18,000 ఆపేశారు. రంగుల కార్డులో వాళ్లే వేలు పెట్టి చూపించిన నంబరు అది. ఐదు నెలలు తిరిగాను. అప్పట్లో మా చిన్నదానికి కాలేజీ ఫీజు కట్టాల్సిన రోజులు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు నేను అడిగేది ఇలా ఉంటుంది: మొదలుపెట్టేటప్పుడు పావు వంతు, పుట్టీ రుద్దడం అయ్యాక పావు, మొదటి కోటింగ్ అయ్యాక నలభై శాతం, టచప్ అయ్యి మీరు చూసుకున్నాక చివరి పది శాతం. షేడ్ గొడవ రాకుండా రెండు బై రెండు అడుగుల ముక్క గోడ మీద వేసి, ఆరాక పగలూ రాత్రీ చూడమంటాను. నచ్చితే నంబరు రాసి సంతకం పెట్టించుకుంటాను.

అపోహ: పండగ ముందు రేటు పెంచడం దోపిడీ

దసరా నుంచి సంక్రాంతి దాకా అందరికీ ఒకేసారి కావాలి. మనుషులు దొరకరు, రాత్రి పనికి అదనంగా ఇవ్వాలి. ఇంటి లోపలి పని ఆషాఢంలో పెట్టుకుంటే అదే మనిషి తక్కువకు, తీరిగ్గా చేస్తాడు. బయట గోడలు మాత్రం వానల్లో వద్దు.

అపోహ: పైనుంచి పడితే అది పనివాళ్ల బాధ్యతే

సారువ (ఎత్తులో నిలబడి పని చేయడానికి కట్టే కర్రల కట్టు) గట్టిగా కట్టడానికీ, బెల్టులకూ, తాళ్లకూ రేటులో చోటు ఉండాలి. మూడంతస్తుల బయటి గోడకి ఎవరైనా మరీ తక్కువ చెప్తే, ముందు ఆ ఖర్చు కలిపాడో లేదో అడగండి. నా కుర్రాళ్లందరికీ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించాను. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు, ఏడాదిలో 90 రోజుల పని ఉంటే పెయింటర్లూ అర్హులే. ఇది చాలామంది మేస్త్రీలకే తెలియదు, మీ ఇంట్లో పని చేస్తున్నవాళ్లకు ఒక మాట చెప్పండి.

పోయిన ఏడాది టీచరమ్మ మళ్లీ పిలిచారు, ఆ మిగిలిన బాల్కనీతో పాటు ఇల్లంతా వేయించాలని. నేను టేపు తీయబోతే ఆగమన్నారు. బీరువాలోంచి ఆ పాత నోట్‌బుక్కు తెచ్చారు. హాలు 610, ముందు గది 523, వెనక గది 480, అన్నీ ఆవిడ చేతిరాతలోనే ఉన్నాయి. బాల్కనీ ఒక్కటే కొత్తగా కొలిచాం. పక్కన పాత రేటు కొట్టేసి, "ఇప్పుడు మీ కుర్రాళ్లకు రోజుకు ఎంత ఇస్తున్నారు?" అని అడిగి, అక్కడినుంచి లెక్క మొదలుపెట్టారు.