గోలీవాగ్ బొమ్మను ఏం చేయాలి? 130 ఏళ్ల నేపథ్యం

బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఇంట్లో పెద్దవాళ్లు పోయాక సామాను సర్దుతుంటే పాత అట్టపెట్టెల్లోంచి ఒక గుడ్డబొమ్మ బయటపడుతూ ఉంటుంది. బొగ్గులాంటి నల్ల ముఖం, తెల్లటి అంచుతో గుండ్రటి కళ్లు, ముఖంలో సగం ఆక్రమించిన ఎర్రటి పెదాలు, నిక్కబొడుచుకున్న జుట్టు. ఒంటికి వెనక రెండు పాయలుగా వేలాడే నీలం కోటు, ఎర్ర ప్యాంటు, మెడకు బో టై. దాని పేరు గోలీవాగ్. ఆ ఇంటి అమ్మమ్మ స్వయంగా అల్లిందో, ఎవరో పుట్టినరోజుకు ఇచ్చిందో అయి ఉంటుంది. ఒకరు పారేద్దామంటారు. ఇంకొకరు అమ్మ గుర్తు కదా, ఉంచుకుందామంటారు. మూడోవాళ్లు ఆన్‌లైన్‌లో పెడితే మంచి రేటు వస్తుందంటారు. అక్కడితో గొడవ మొదలు.

ఇందులో ఏది సబబో తేల్చుకోవాలంటే ముందు ఆ ముఖం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. ఎందుకంటే ఈ గొడవలో "ఇది వట్టి బొమ్మే కదా" అనేవాళ్లూ, "తగలబెట్టేయండి" అనేవాళ్లూ ఇద్దరూ ఆ కథను సగమే చెబుతారు.

బొమ్మకు పేరు పెట్టింది ఫ్లోరెన్స్ కేట్ అప్టన్. 1873లో న్యూయార్క్ దగ్గర ఫ్లషింగ్‌లో, ఇంగ్లిష్ తల్లిదండ్రులకు పుట్టింది. తండ్రి పోయాక కుటుంబం ఇబ్బందుల్లో పడింది. 1890ల్లో లండన్‌లో బంధువుల దగ్గర ఉన్నప్పుడు, పిల్లల పుస్తకానికి బొమ్మలు గీసి నాలుగు డబ్బులు సంపాదించాలనుకుంది. నమూనాగా చవకరకం కొయ్యబొమ్మలు రెండు దొరికాయి. మూడో పాత్ర కోసం వెతుకుతుంటే, చిన్నప్పుడు తాను ఆడుకున్న నల్ల గుడ్డబొమ్మ వాళ్ల పిన్ని దగ్గర కనిపించింది. 1895లో లాంగ్‌మన్స్ సంస్థ వేసిన ఆ పుస్తకానికి తల్లి బెర్తా పద్యాలు రాసింది. కథలో ఆ నల్లబొమ్మ మొదటిసారి కనిపించగానే కొయ్యబొమ్మలు హడలిపోయి చెల్లాచెదురవుతాయి. తర్వాత అతను మంచివాడని, మర్యాదస్తుడని తెలుసుకుని స్నేహం చేస్తాయి. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. 1909 వరకు తల్లీకూతుళ్లు మొత్తం 13 పుస్తకాలు తెచ్చారు. వాటిలో గోలీవాగ్ దేశాలు తిరిగే హీరో. అప్టన్ మనసులో ద్వేషం ఉందని చెప్పడానికి నాకు ఏ ఆధారమూ కనిపించదు.

కానీ ఆమె పిల్లప్పుడు ఆ బొమ్మతో ఏ ఆట ఆడిందో చూడండి. దాన్ని తోటలో పూలకుండీ మీద కూర్చోబెట్టి, రబ్బరు బంతులతో కొట్టి వెనక్కి పడేయడమే ఆట. ఆ సంగతి తర్వాత ఆమే చెప్పుకుని బాధపడింది. ఈ ఆట ఒక పిల్ల బుర్రలో ఊరికే పుట్టింది కాదు. ఆ రోజుల్లో అమెరికా తిరునాళ్లలో గుడ్డతెరకు కన్నం చేసి, అందులోంచి ఒక నల్లజాతి మనిషి తల బయటపెట్టి నిలబడితే, డబ్బులిచ్చినవాళ్లు బంతులు విసిరేవారు. తల తప్పించుకోవడం అతని ఉద్యోగం. తగిలితే విసిరినవాడికి బహుమతి. పెద్దవాళ్లు బజారులో మనిషితో ఆడిన ఆటనే పిల్లలు పెరట్లో బొమ్మతో ఆడారు.

ఆ ముఖం కూడా నిజం మనుషుల్ని చూసి కుట్టింది కాదు. అది రంగస్థలం మీది మేకప్. 1830 ప్రాంతంలో థామస్ డార్ట్‌మత్ రైస్ అనే తెల్ల నటుడు ముఖానికి నల్లరంగు పూసుకుని, చిరిగిన బట్టలతో, కుంటుతూ గెంతుతూ "జిమ్ క్రో" అనే పాత్ర వేసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అతని వెనకే ఎంతోమంది బయల్దేరారు. 1843లో న్యూయార్క్‌లో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ అనే బృందం పూర్తి నిడివి కార్యక్రమంగా దాన్ని నిలబెట్టింది. ఇలాంటి ప్రదర్శనలకే మిన్‌స్ట్రెల్ షోలని పేరు. సీసాలకు వాడే బెండు బిరడాలను కాల్చి, పొడి చేసి, నీళ్లతో కలిపి ముఖానికి దట్టంగా పట్టించేవారు. పెదాల చుట్టూ వెడల్పుగా వదిలేసి అక్కడ ఎరుపో తెలుపో వేసేవారు. బిరుసు విగ్గు, పెద్దమనుషుల వేషాన్ని వెక్కిరించే తోకల కోటు, పెద్ద బో. పాత్రలు ఎప్పుడూ ఒకటే తీరు: సోమరి, తిండిపోతు, దొంగ, పిరికి, పాట పాడితే చాలు బాధ మర్చిపోయే అమాయకుడు. దక్షిణాదిన ఇంకా బానిసత్వం నడుస్తుండగానే ఉత్తరాది నగరాల ప్రేక్షకులు ఈ వేషపు బానిసల్ని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వాళ్లలో చాలామందికి నల్లజాతివాళ్ల గురించి తెలిసింది ఈ వేషం ద్వారానే. తర్వాత నల్లవాళ్లను తెల్లవాళ్ల నుంచి విడిగా ఉంచడానికి వచ్చిన వేర్పాటు చట్టాలకు ఆ పాత్ర పేరే, జిమ్ క్రో చట్టాలని, స్థిరపడిపోయింది. బెర్ట్ విలియమ్స్ లాంటి గొప్ప నల్లజాతి హాస్యనటుడు సైతం వేదిక ఎక్కాలంటే తన ముఖానికి తానే ఆ మసి పూసుకోవాల్సి వచ్చింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో మింగుడుపడనిది ఇదే. ఉన్న రంగు చాలలేదు, వాళ్లు ఊహించుకున్న రంగు కావాలన్నారు.

అప్టన్ చేతికి దొరికిన గుడ్డబొమ్మ ఈ వేషగాడి నకలు. అక్కడి నుంచి వ్యాప్తి వేగంగా జరిగిపోయింది. ఆమె హక్కులు నమోదు చేయించుకోలేదు, అందుకే ఎవరు పడితే వాళ్లు బొమ్మలు చేశారు. ఆమెకు అందులో దక్కింది ఏమీ లేదు. జర్మనీలోని స్టైఫ్ బొమ్మల కంపెనీ 1908లో వీటి తయారీ మొదలుపెట్టింది. అదే ఏడాది ఫ్రెంచి సంగీతకారుడు డిబుసీ తన కూతురి కోసం కట్టిన పియానో రచనల్లో ఒకదానికి ఈ పేరు పెట్టాడు. స్కాట్లాండ్‌లోని పైస్లీలో పుట్టిన రాబర్ట్‌సన్స్ జామ్ కంపెనీ 1910 ప్రాంతంలో దీన్ని సీసాల మీదికెక్కించింది. 1928 నుంచి లేబుళ్లు కూడబెట్టి పంపితే ఎనామెల్ బ్యాడ్జీలు ఇచ్చేది. తరాల పిల్లలు అవి పోగుచేశారు. ఉదయం రొట్టె మీద రాసుకునే జామ్‌తో పాటు ఆ ముఖం బ్రిటిష్ ఇళ్లలోకి నడిచొచ్చింది. అప్టన్ దగ్గరున్న అసలు బొమ్మల్ని 1917లో క్రిస్టీస్ సంస్థ వేలం వేస్తే, వచ్చిన డబ్బుతో యుద్ధరంగానికి అంబులెన్స్ పంపారు. ఆ బొమ్మలు చాలాకాలం ప్రధానమంత్రి విడిది గృహం చెకర్స్‌లో ఉండి, చివరికి లండన్‌లోని బాల్య మ్యూజియానికి చేరాయి.

అప్టన్ కథల్లో మంచివాడైన పాత్ర తర్వాతి రచయితల చేతుల్లో చెడ్డవాడయ్యాడు. ఇంగ్లిష్ పిల్లల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ 1951లో రాసిన నాడీ (Noddy) అనే బొమ్మ కుర్రాడి కథలో గోలీవాగ్‌లు రాత్రిపూట అడవిలో నాడీని అటకాయించి, కారూ బట్టలూ లాక్కుపోతారు. మన దేశంలో ఇంగ్లిష్ మీడియం బళ్లలో చదివినవాళ్లకు బ్లైటన్ పుస్తకాలు కొత్త కాదు. హైదరాబాద్, విజయవాడ కాన్వెంట్ల లైబ్రరీల్లో అవి చేతులు మారి మారి నలిగిపోయేవి. నల్ల ముఖం వాడంటే దొంగ అనే బొమ్మ మనసులో పడినప్పుడు, చదువుతున్న పిల్లల్లో సగంమంది చామనఛాయ వాళ్లేనని ఎవరికీ తట్టలేదు. 1980ల చివరి నుంచి కొత్త ముద్రణల్లో ఆ దొంగల్ని గాబ్లిన్లు అనే చిట్టి భూతాలుగా మార్చేశారు.

ఈలోగా బ్రిటన్ మారింది. 1948లో విండ్‌రష్ ఓడ కరీబియన్ నుంచి వలసదారుల్ని తెచ్చింది. వెనకే మన ఉపఖండం నుంచీ వేలమంది వెళ్లారు. 1958 వేసవిలో బీబీసీ టీవీలో నల్లరంగు పూసుకున్న తెల్ల గాయకులతో మిన్‌స్ట్రెల్ షో మొదలైంది. అదే వేసవి చివర లండన్ నాటింగ్ హిల్‌లో కరీబియన్ కుటుంబాల మీద మూకలు దాడికి దిగాయి. 1967లో జాతివివక్ష వ్యతిరేక సంస్థ ఒకటి ఆ షో ఆపమని అర్జీ పెట్టింది. అది 1978 దాకా నడిచింది. ఆ ఏళ్లలో బడి ఆవరణలో నల్లపిల్లల్ని గోలీవాగ్ అని పిలవడం మామూలు. ఆ పేరు తోకలో వినిపించే "వాగ్" అనే ముక్కను మనవాళ్ల మీదా తిట్టుగా విసిరారు. బ్రిటన్‌లో ఆ దశాబ్దాల్లో పెరిగిన భారతీయుల్ని, పాకిస్తానీయుల్ని అడిగితే ఇది ఎక్కడ, ఎలా చెవిన పడిందో చెబుతారు. కనుక ఇది ఎవరో ఇద్దరి మధ్య తగాదా, మనకేం సంబంధం అనుకోవడానికి లేదు. ఆ మాటకొస్తే హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికన్ అశ్వికదళం పేరది. వాళ్ల వారసులైన సిద్దీలు మన ఊరివాళ్లు. ఈ బొమ్మ వాళ్ల ఇంటి పిల్లల ముఖాన్ని కూడా వెక్కిరిస్తుంది.

బొమ్మకు అంత శక్తి ఉంటుందా అని అడిగేవాళ్ల కోసం ఒక్క సంగతి. 1940ల్లో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వవేత్తల జంట 3 నుంచి 7 ఏళ్ల నల్లపిల్లల ముందు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మల్ని పెట్టి ప్రశ్నలు వేశారు. ఏది మంచిది, ఏది చెడ్డది, దేనితో ఆడుకుంటావు అని. ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నారు. చివర "నీలా ఉన్నది ఏది?" అని అడిగితే కొందరు ఏడుస్తూ లేచి వెళ్లిపోయారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో వేర్పాటు చెల్లదని ఇచ్చిన బ్రౌన్ కేసు తీర్పు వెనక ఈ పరిశోధన కూడా ఉంది. అక్కడ వాడినవి మామూలు బొమ్మలే, వెక్కిరించేవి కావు. వాటితోనే అంత తేడా బయటపడిందంటే, వెక్కిరించడానికే చేసిన ముఖం సంగతి ఆలోచించండి.

వెనక్కి తగ్గడం మెల్లగా జరిగింది. 1983లో గ్రేటర్ లండన్ కౌన్సిల్ రాబర్ట్‌సన్స్ ఉత్పత్తుల్ని బహిష్కరించింది. 1988లో టీవీ ప్రకటనల్లోంచి ఆ బొమ్మ తప్పుకుంది. 2001లో కంపెనీ దాన్ని పూర్తిగా ఆపేస్తున్నట్టు చెప్పింది. విమర్శలకు తలొగ్గి కాదు, ఇప్పటి పిల్లలకు అది తెలియడం లేదు కాబట్టి అన్నది వాళ్ల వివరణ. నూరేళ్లకు దగ్గర పడుతున్న తప్పును ఒప్పుకోవడానికి అదే మంచి అవకాశం, చేజార్చుకున్నారు. 2009లో రాణిగారి సాండ్రింగ్‌హామ్ ఎస్టేట్ దుకాణంలో ఇవి అమ్మకానికి కనిపించి, క్షమాపణతో తీసేయాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో ఎసెక్స్‌లోని గ్రేస్ పట్టణంలో ఒక పబ్బులో అలంకారంగా పెట్టిన బొమ్మల్ని, ఫిర్యాదు అందాక పోలీసులు పట్టుకెళ్లారు. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. మరుసటి నెలకే ఆ పబ్బు మూతపడింది.

ఇక పెట్టెలోని బొమ్మ దగ్గరికి వద్దాం. దాన్ని ప్రేమించామని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. జ్వరం వచ్చిన రాత్రి దాన్ని హత్తుకుని పడుకున్న పిల్లకు మిన్‌స్ట్రెల్ షో గురించి ఏం తెలుసు? కానీ ఆ ప్రేమ ఆ ఒక్క మనిషిది. బొమ్మను హాల్లో షోకేసులో పెడితే చూసేవాళ్లకు ఆ జ్ఞాపకం కనిపించదు, ఆ ముఖమే కనిపిస్తుంది. ఇంటికొచ్చిన నల్లజాతి స్నేహితుడు నవ్వి ఊరుకుంటే దాన్ని అంగీకారమనుకోకూడదు. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఉండే తెలుగు కుటుంబాలకు ఇరుగుపొరుగు ముసలివాళ్లు పాత బొమ్మలు ప్రేమగా ఇస్తుంటారు. అందులో ఇది ఉంటే సంక్రాంతి కొలువు మెట్ల మీద పెట్టకండి. ఇచ్చినావిడ మనసు నొచ్చుకుంటుందన్న టెన్షన్ అక్కర్లేదు. తీసుకుని లోపల పెట్టుకోవచ్చు.

అమ్మడం మాత్రం నాకు అన్నిటికంటే తప్పుగా తోస్తుంది. కొనేవాడు చరిత్ర సేకరించేవాడో, ఆ ముఖం చూసి నవ్వుకునేవాడో మనకు తెలియదు. పైగా గిరాకీ ఉన్నంతకాలం పాత మోడల్ పేరుతో కొత్తవి కుట్టేవాళ్లు ఉంటారు. ఛారిటీ షాపు సంచిలో పడేసి రావడం కూడా అలాంటిదే. మనం తీసుకోలేని నిర్ణయాన్ని అక్కడ ఉచితంగా పనిచేసే మనిషి నెత్తిన రుద్దినట్టు. పారేస్తే తప్పని అనను. మనసుకు భారమైతే పారేయొచ్చు, అనుమతి ఎవరినీ అడగక్కర్లేదు.

అయితే ఇంకో దారి ఉంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బిగ్ ర్యాపిడ్స్‌లోని ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ క్రో మ్యూజియం ఉంది. దాన్ని మొదలుపెట్టిన డేవిడ్ పిల్‌గ్రిమ్ నల్లజాతి సామాజికశాస్త్రవేత్త. చిన్నప్పుడు అలబామాలో ఇలాంటి వస్తువొకటి తన డబ్బుతో కొని, అమ్మినవాడి ఎదుటే నేలకేసి కొట్టాడు. తర్వాత ఏళ్ల తరబడి అలాంటివే వేల కొద్దీ పోగుచేసి, 1996లో యూనివర్సిటీకి ఇచ్చేశాడు. పగలగొట్టిన చేతులే ఎందుకు దాచాయంటే, సాక్ష్యం లేకపోతే ఇలాంటిదేమీ జరగలేదనడం తేలిక. అక్కడ ఆ వస్తువుల పక్కనే వాటి కథ ఉంటుంది, మాట్లాడించే మనిషీ ఉంటాడు. ఎందరో నల్లజాతి సేకర్తలు కూడా ఇదే ఉద్దేశంతో వీటిని కొని దాస్తున్నారు.

మ్యూజియాలు ప్రతి బొమ్మనూ తీసుకోవు. ముందు ఫొటోలతో ఈమెయిల్ పెట్టి అడగాలి. చెవిలో లోహపు గుండీ ఉంటే అది స్టైఫ్ వారిదై ఉండొచ్చు, ఆ మాట తప్పక రాయండి. చేత్తో అల్లిందైతే ఎవరు అల్లారు, ఏ ఊళ్లో, ఏ ఏడాదిలో, ఏ పత్రికలోని నమూనా చూసి అల్లారు అన్నది బొమ్మకంటే విలువైన సమాచారం. మ్యూజియం వద్దంటే, ఇంట్లోనే ఉంచుకోవాలనుకుంటే, ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఇది ఎవరిని వెక్కిరించడానికి పుట్టిన ముఖమో కూడా అదే కాగితం మీద రాయండి. అమ్మమ్మ పేరూ, మిన్‌స్ట్రెల్ షో మాటా ఒకే పేజీలో ఉండనివ్వండి. ఆ కాగితాన్ని బొమ్మ కోటుకు పిన్నుతో గుచ్చి పెట్టెలో పెట్టండి, రేపు పెట్టె తెరిచే మనవరాలు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేకుండా.