'200 దాటితేనే కార్డు': స్వైపింగ్ మిషన్ అపోహలు - వాస్తవాలు

నల్లగొండ ప్రకాశం బజారులోనో, మిర్యాలగూడలోనో, దేవరకొండలోనో ఏదో ఒక షాపు గల్లా దగ్గర ఈ కాగితం కనిపిస్తుంది: 'కార్డుకు మినిమం 200'. కొన్నిచోట్ల 300, కొన్నిచోట్ల 500. ఈ అంకె ఎక్కడిదని అడిగితే 'బ్యాంకోళ్లు చెప్పిండ్రు సార్' అంటారు. షాపుల్లో మిషన్లు పెట్టించడం నా పని కాబట్టి ఆ బ్యాంకోళ్లలో నేనూ ఒకణ్ణి. మేం చెప్పలేదు.

అపోహ: మినిమం అనేది బ్యాంకు రూలు.

వీసా, మాస్టర్‌కార్డ్ నియమాలు దీనికి సరిగ్గా ఉల్టా. మన దగ్గర కార్డు తీసుకునే షాపు కనీస మొత్తం పెట్టకూడదు. మిషన్ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించే ఒప్పందం షాపును ఆ నియమాలకు కట్టేస్తుంది. ఆ కాగితాలు ఎవరూ చదవరు, అది వేరే సంగతి. అలాగని బోర్డు పెట్టినందుకు పోలీసు కేసేమీ అవదు. మామూలు కిరాణా షాపు అసలు కార్డులే తీసుకోనన్నా చట్టం అడ్డు చెప్పదు. మిషన్ పెట్టుకుని, ఇంతకు తక్కువైతే గీకననడంతోనే పేచీ.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దలు 'అక్కడా ఇట్లనే ఉంది' అంటుంటారు. అక్కడ 2010లో వచ్చిన చట్టం క్రెడిట్ కార్డుకు 10 డాలర్ల దాకా మినిమం పెట్టుకోనిచ్చింది. డెబిట్ కార్డుకు అది కూడా లేదు.

అపోహ: చిన్న బిల్లు గీకితే షాపుకు నష్టం.

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయింది ఇదే. వ్యాపారి దగ్గర కోసుకునే చార్జీని ఎండీఆర్ అంటారు. అది శాతాల్లో ఉంటుంది. 2018 జనవరి 1 నుంచి డెబిట్ కార్డులకు ఆర్‌బీఐ గరిష్ఠ పరిమితి పెట్టింది. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపున్న వ్యాపారికి మిషన్ మీద 0.40 శాతం, ఎంత పెద్ద బిల్లయినా 200 రూపాయలకు మించకూడదు. ఆపైన టర్నోవర్ ఉన్నవాళ్లకు 0.90 శాతం, 1,000 రూపాయలకు మించకూడదు. రూపే డెబిట్ కార్డుకైతే 2020 జనవరి 1 నుంచి ఎండీఆరే లేదు.

ఇప్పుడు లెక్క వేయండి. చిన్న వ్యాపారి దగ్గర వీసా డెబిట్‌తో 100 రూపాయల బిల్లు గీకితే పోయేది మహా అయితే 40 పైసలు. 2,000 దాకా ఉన్న కార్డు బిల్లుల మీద ఈ చార్జీకి జీఎస్టీ కూడా పడదు. అదే 10,000 బిల్లయితే 40 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 47 రూపాయల 20 పైసలు. నలభై పైసలకు కాగితం అంటించి, 47 రూపాయలకు చిరునవ్వుతో బిల్లు కొడుతున్నాం.

వ్యాపారి గోడు ఉత్తదే అనను. క్రెడిట్ కార్డు చార్జీకి ఆర్‌బీఐ పరిమితి లేదు. సుమారు రెండు శాతం పోతే, పాల ప్యాకెట్ మీద, సిగరెట్ మీద మిగిలే ఆ కాస్త మార్జిన్‌లో పెద్ద ముక్కే పోయినట్టు. కానీ మినిమం బోర్డు రూపే డెబిట్ తెచ్చిన గిరాకీని కూడా వెనక్కి పంపుతుంది. పైగా చాలా ప్లాన్లలో నెలకు ఇంత మొత్తం గీకకపోతే మిషన్‌కు అద్దె పడుతుంది. చిన్న బిల్లులన్నీ తిప్పిపంపి, నెలాఖరున అద్దె పడిందని నాకు ఫోన్ చేసే సేట్లకు నేను మొదట చెప్పేది ఆ కాగితం పీకమనే.

అపోహ: రెండు శాతం కస్టమరే కట్టాలి.

డెబిట్ కార్డయితే కుదరదు. ఎండీఆర్‌ను కస్టమర్ మీద వేయనివ్వొద్దని ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. అడిగితే మిషన్ మీద, స్లిప్పు మీద ఉన్న బ్యాంకు పేరు చూసి ఆ బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. షాపు మీద ఫిర్యాదుకైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అపోహ: కార్డు తీసుకుంటే టాక్స్ ఎక్కువ పడుతుంది.

ఈ భయం బోర్డు మీద రాయరు గానీ, దాని వెనక ఉండేది చాలాసార్లు ఇదే. అంచనా లాభం పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టే చిన్న వ్యాపారికి నగదు అమ్మకం మీద కనీసం 8 శాతం లాభంగా లెక్క వేస్తారు, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతమే. దాచుకోవాలనుకుంటే వేరే మాట. లెక్క చూపించేవాడికి కార్డే చవక.

అపోహ: స్కానర్ మీద ఏ చార్జీ ఉండదు.

బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐకి నిజంగానే ఉండదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకుని స్కాన్ చేస్తే సంగతి వేరు. చిన్న వ్యాపారికి 2,000 దాకా లేదు, ఆపైన ఉంటుంది. స్కానర్ మీద 8,000 బిల్లు వచ్చి ఖాతాలో కొంత తక్కువ పడితే, ఎవరో తినేశారని టెన్షన్ పడేముందు ఆ పేమెంట్ క్రెడిట్ కార్డుదేమో సెటిల్‌మెంట్ రిపోర్టులో చూసుకోండి.