మమ్మల్ని కొట్టలేదా, మేం బాగుపడలేదా?

నిజాంపేటలో ఈమధ్య ఒక ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాను. భోజనాల దగ్గర ఒక పెద్దాయన తన బడి రోజుల గురించి చెబుతున్నారు. గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె. వాళ్ల తాతగారి కాలంలో అయితే కోదండం వేసేవారట, అంటే పిల్లాణ్ణి దూలానికి తాడు కట్టి వేలాడదీయడం. అందరం నవ్వాం. "మమ్మల్ని కొట్టలేదా, మేం బాగుపడలేదా?" అన్నారాయన. పక్కనే ఉన్న భార్య "బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది.

ఆ దెబ్బలకూ ఈ మాత్రకూ సంబంధం ఉందని నేననను. కానీ అలాంటి సంబంధం ఉంటుందా అని డాక్టర్లు అడగడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. 1962లో అమెరికాలోని డెన్వర్‌లో హెన్రీ కెంప్ అనే పిల్లల డాక్టరు, చిన్నపిల్లల్లో విరిగిన ఎముకలు కొన్ని మంచం మీంచి పడి విరిగినవి కావని, పెంచేవాళ్ల చేతుల్లోనే విరిగాయని వైద్య పత్రికలో రాశాడు. అంతకుముందు ఎక్స్‌రేలో కనిపించినా, తల్లిదండ్రులను అనుమానించడానికి డాక్టర్లకు మనసొప్పేది కాదు.

తర్వాతి కథ ఊబకాయంతో మొదలైంది. 1980లలో శాన్‌డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు బరువు తగ్గించే క్లినిక్ నడిపేవాడు. చక్కగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తున్నారు. ఎందుకో తెలుసుకుందామని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతూ, ఒకరోజు ప్రశ్న తడబడ్డాడు. లైంగిక సంబంధం మొదలైనప్పుడు వయసెంత అని అడగబోయి, బరువెంత అన్నాడు. "నలభై పౌండ్లు" అందామె. మన లెక్కలో 18 కిలోలు, నాలుగైదేళ్ల పిల్ల బరువు. చేసింది తండ్రి. అప్పటినుంచి అడిగేకొద్దీ ఇలాంటి కథలు చాలామంది దగ్గర బయటపడ్డాయి. ఒంటి మీది కొవ్వు కొందరికి జబ్బు కాదని, అడ్డుగోడ అని ఫెలిట్టికి అర్థమైంది.

ఆయన, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీలో పనిచేసే రాబర్ట్ ఆండా కలిసి 1995 నుంచి 1997 దాకా 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల చిన్నతనం గురించి అడిగారు. మొదటి ఫలితాలు 1998లో వచ్చాయి. మొత్తం మీద చూస్తే ముగ్గురిలో ఇద్దరు ఏదో ఒక చేదు అనుభవం ఉందన్నారు. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రకాలు ఉన్నవాళ్లలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం లాంటివి నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ 17 వేల మంది బస్తీల వాళ్లు కాదు. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు, ఎక్కువమంది తెల్లవాళ్లు, కాలేజీ మెట్లెక్కినవాళ్లు. మన భాషలో చెప్పాలంటే గేటెడ్ కమ్యూనిటీ జనం. "అవన్నీ చదువులేని ఇళ్లలో జరిగేవి" అనే మాట ఆ కాగితాల ముందు నిలవదు.

రెండో సంగతి, వాళ్లు లెక్కపెట్టిన పది రకాల్లో సగం పిల్లాడికి నేరుగా చేసినవి కావు, ఇంట్లో ఉన్న పరిస్థితులు. తల్లి దెబ్బలు తినడం, ఇంట్లో ఒకరు తాగడం, ఒకరికి మానసిక జబ్బు, ఒకరు జైల్లో ఉండటం, తల్లిదండ్రులు విడిపోవడం. ఒకటి ఉన్న ఇంట్లో సాధారణంగా రెండోదీ ఉంటుంది. కుటుంబ నేపథ్యం అనే మాటకు ఇక్కడున్న అర్థం ఇదే. కులమో జీతమో కాదు, రాత్రి తొమ్మిదింటికి తలుపు చప్పుడైతే పిల్లలకు టెన్షన్ వస్తుందా లేదా అన్నది.

మనకిది కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో అదీ పోయింది. దాన్ని మహిళల ఉద్యమంగా రాసుకున్నాం, సరైనదే. కానీ ఆ ఇళ్లలో గోడవారగా ముడుచుకుని కూర్చున్న పిల్లల్ని ఎవరూ అడగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం తాగుతారు. పెళ్లయిన ఆడవాళ్లలో 37 శాతం మంది భర్త చేతి హింస చూశారు. ఆ ఆడవాళ్లలో ఎక్కువమంది తల్లులు కూడా.

దేశంలో పిల్లల్ని నేరుగా అడిగిన పెద్ద ప్రయత్నం నివేదిక 2007లో వచ్చింది. ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి అప్పుడు స్త్రీ శిశు సంక్షేమ శాఖ మంత్రి. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఉందన్నారు. ఎక్కువగా చెప్పిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇళ్లలోని పిల్లలతో పాటు వీధుల్లో, పనుల్లో, హాస్టళ్లలో ఉన్నవాళ్లనూ కలిపారు కాబట్టి దాన్ని దేశ సగటు అనలేం. ఆ నివేదిక తర్వాతే 2012లో పోక్సో చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో 2016లో, హింసకు గురైన ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం పోలీసుల భరోసా కేంద్రం మొదలైంది, రెండేళ్లకు పిల్లలు భయపడకుండా సాక్ష్యం చెప్పే కోర్టు అక్కడే పెట్టారు.

బడి సంగతి వేరు, అక్కడ చట్టం ముందుంది. బెత్తం వాడకూడదని ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే నిషేధించారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అదే ఏడాది నుంచి హైదరాబాద్‌తో కలిపి మన రెండు రాష్ట్రాల్లో దాదాపు 3 వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించింది. 2009 విడతలో ఎనిమిదేళ్ల పిల్లల్లో 78 శాతం మంది, గత వారంలోనే టీచర్ కొట్టారని చెప్పారు. గత వారంలో!

అయితే ఈ లెక్కల్ని పట్టుకుని ఒక్కో మనిషి జాతకం రాయకూడదు. ఆ మాట 2020లో ఆండానే అన్నాడు, పది రకాల్లో ఎన్ని ఉన్నాయని లెక్కేసే ఈ స్కోరు జనాభా గురించి చెప్పేదే గానీ ఒక మనిషికి ఏమవుతుందో చెప్పేది కాదని. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని దశాబ్దాలు గమనించిన ఎమ్మీ వెర్నర్‌కు, కష్టాల ఇళ్లలో పుట్టినవాళ్లలో మూడో వంతు చక్కగా నిలదొక్కుకోవడం కనిపించింది. వాళ్ల వెనక నమ్మకంగా నిలబడిన మనిషి ఒకరైనా ఉన్నారు, చాలాసార్లు తల్లిదండ్రులు కాదు, అమ్మమ్మో నాయనమ్మో.

పాలమూరు నుంచి హైదరాబాద్‌కు మేస్త్రీ పనికి వచ్చేవాళ్లు పిల్లల్ని ఊళ్లో అవ్వ దగ్గర వదిలి వస్తారు. అమ్మానాన్నలు దూరమయ్యారని ఆ పిల్లాడికి ఒక లోటు రాస్తాం. అవ్వ ఒళ్లో పడుకున్నాడని రాయడానికి ఆ పది ప్రశ్నల్లో చోటు లేదు.