మిరియాలతోనే డచ్చివారు ఎదిగారా? కొన్ని అపోహలు – వాస్తవాలు

తీరప్రాంత వాణిజ్య చరిత్ర బోధించడం నా పని. డచ్చివారి, అంటే నేటి నెదర్లాండ్స్ దేశస్థుల ప్రస్తావన రాగానే క్లాసులో వినిపించేవి మిరియాలు, లవంగాలు, ట్యులిప్ పూలు. సోషల్ మీడియా పోస్టులైతే ఇంకా దూరం పోతున్నాయి. బందరు, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమిలి ఉన్న చరిత్ర ఇది. మనవాళ్ల దాకా తప్పుల తడకగా రాకూడదనే ఈ పోస్టు.

అపోహ: సుగంధ ద్రవ్యాలే డచ్చివారిని సంపన్నుల్ని చేశాయి.

వాస్తవం: 1595లో కార్నెలిస్ డి హౌట్‌మన్ నాలుగు ఓడలతో జావాకు బయలుదేరేనాటికే యూరప్ సరకు రవాణాలో డచ్చివారిది పైచేయి. ఆ బలం బాల్టిక్ సముద్రం నుంచి వచ్చింది. పోలండ్‌లో పండిన రై ధాన్యం డాన్‌జిగ్ రేవులో ఓడ ఎక్కి ఆమ్‌స్టర్‌డామ్ గోదాముల్లోకి చేరేది. దక్షిణ యూరప్‌లో పంట పోయిన ఏడు ధర చూసుకుని అక్కడికి పంపేవారు. నార్వే కలప, తారు, ఉత్తర సముద్రంలో పట్టి ఉప్పువేసి పీపాల్లో నింపిన హెర్రింగ్ చేపలు కూడా వీటికి తోడు. ఈ బాల్టిక్ వర్తకాన్నే వాళ్లు 'తల్లి వ్యాపారం' అనేవారు.

ఆ వ్యాపారానికి తగ్గ ఓడ కూడా తయారైంది. 1595 ప్రాంతంలో హోర్న్ పట్టణంలో కట్టడం మొదలుపెట్టిన ఫ్లౌట్ అది. పొట్ట వెడల్పు, పైతట్టు ఇరుకు. ఫిరంగులు ఉంటే నాలుగైదు, లేకపోతే అసలే లేవు. తెరచాపల తాళ్లు లాగడానికి కప్పీలు ఉండటంతో అదే పరిమాణంలోని ఇంగ్లీషు ఓడకు కావలసిన మనుషుల్లో సగం మందితోనే నడిచేది. జీతం, తిండి ఖర్చు తగ్గితే కిరాయి తగ్గుతుంది. కిరాయి తక్కువైతే ఏ దేశం సరకైనా వాళ్ల ఓడే ఎక్కుతుంది. 1590లలో వచ్చిన గాలిమర రంపాలతో పలకలు కోయడం వేగంగా, చవగ్గా సాగింది. 1585లో యాంట్‌వెర్ప్ స్పెయిన్ సేనల వశమయ్యాక అక్కడి వర్తకులు చాలామంది డబ్బుతో, పరిచయాలతో ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. తూర్పు దేశాల ప్రయాణాలకు పెట్టుబడి దొరకడానికి ఇవన్నీ కారణం.

అపోహ: యూరప్ సరకులు ఇచ్చి తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొన్నారు.

వాస్తవం: లవంగాలు పండే మలుకు దీవులవాళ్లకు (నేటి ఇండోనేషియాలోవి) యూరప్ ఉన్నితో ఏం పని? వాళ్లు అడిగింది మన తీరపు నూలుబట్ట. డచ్చివారికి ఇది త్వరగానే తెలిసొచ్చింది. 1605లో మచిలీపట్నంలో వర్తకశాల తెరిచారు. మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా నుంచి సుంకాల రాయితీతో ఫర్మానా తెచ్చుకున్నారు. తర్వాత పులికాట్‌లో స్థావరం, 1613లో అక్కడే గెల్‌డ్రియా కోట. కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం, మలుకు దీవులకు ఎడమ చెయ్యి లాంటిదని డచ్ ఈస్టిండియా కంపెనీ అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే రాశాడు. ఆ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారమే లేదని ఆయన ఉద్దేశం.

ఏ దీవికి ఏ రంగు, ఏ అంచు నచ్చుతుందో కంపెనీ నమూనాలు పంపేది. దళారులు బయానా ఇచ్చి సాలెవాళ్ల చేత నేయించేవారు. నిజాంపట్నం దగ్గర దొరికే చిరివేరుతో వేసిన ఎరుపుకు దూరదేశాల్లో గిరాకీ ఉండేది. బట్ట కొనడానికి కావలసిన రాగి, వెండి, బంగారంలో పెద్ద వాటా జపాన్ నుంచే వచ్చేది. ఆసియా రేవుల మధ్య తిరిగే ఈ వ్యాపారమే 17వ శతాబ్దంలో కంపెనీకి వెన్నెముక. మన నేతగాళ్ల చేతిపని లేకుండా డచ్చివారి కథ చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అపోహ: పోర్చుగీసువారిలా కాదు, వీళ్లు వట్టి వ్యాపారులే.

వాస్తవం: మలుకు ప్రాంతంలోని బండా దీవుల సంగతి తెలిస్తే ఎవరూ ఈ మాట అనరు. అప్పట్లో జాజికాయ దొరికేది అక్కడే. తమకే అమ్మాలన్న ఒప్పందం సాగడం లేదని 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సోన్ కూన్ సేనతో దిగాడు. 44 మంది పెద్దల తలలు నరికించాడు. ఆ పని చేసింది కంపెనీ కొలువులో ఉన్న జపాను కిరాయి సైనికులు. సుమారు 15,000 జనాభాలో కొంతమందిని చంపారు, కొంతమంది ఆకలితో పోయారు, మిగిలినవారిని బానిసలుగా తరలించారు. ఆ ఊళ్లలో ఉండగలిగినవాళ్లు బహుకొద్దిమంది. తోటల్లో పనికి బానిసల్ని బయటినుంచి తెచ్చారు. కరవు ఏళ్లలో పులికాట్ రేవు నుంచి కూడా వేలమందిని బానిసలుగా బటావియాకు (నేటి జకార్తా) ఓడల్లో పంపారు. మన తీరపు మనుషులు వాళ్లు. పాఠ్యపుస్తకంలో వాళ్లకు ఒక్క పేరా అయినా ఉండాలి.

అపోహ: డచ్ ఈస్టిండియా కంపెనీ విలువ నేటి లెక్కలో ఎనిమిది లక్షల కోట్ల డాలర్లు.

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. 1602లో పోగైన మూలధనం సుమారు 64 లక్షల గిల్డర్లు (అప్పటి డచ్ నాణెం). షేరు ధర ఎంత పెరిగినా ముఖ విలువకు పన్నెండు రెట్ల దగ్గరే ఆగింది. అంటే 7.7 కోట్ల గిల్డర్లు. అప్పటి నిపుణుడైన పనివాడి ఏడాది సంపాదన 300 గిల్డర్ల దరిదాపు. కాబట్టి అది రెండున్నర లక్షల మంది ఏడాది జీతం. మనిషికి నేడు 50,000 డాలర్లు వేసుకున్నా 1,300 కోట్ల డాలర్ల లోపే. చాలా పెద్ద కంపెనీయే, కానీ ఎనిమిది లక్షల కోట్లు కాదు.

నా దృష్టిలో ఆ షేర్లను ఎవరు కొన్నారన్నది అంతకంటే ముఖ్యం. అది రాజుగారి కంపెనీ కాదు, వాళ్లది గణతంత్రం. ఆమ్‌స్టర్‌డామ్‌లో షేర్ల నమోదు డిర్క్ వాన్ ఓస్ అనే వర్తకుడి ఇంట్లో జరిగింది. ఆ ఇంటి పనిమనిషి నీల్‌ట్‌గెన్ కార్నెలిస్ కూడా 100 గిల్డర్లకు పేరు రాయించుకుంది.

అపోహ: బండా దీవుల్లోని రన్ దీవి కోసం నేటి న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌ను ఇంగ్లీషువారికి ఇచ్చేశారు.

వాస్తవం: 1664లోనే ఇంగ్లీషువారు మన్‌హట్టన్ మీదున్న డచ్ పట్టణం న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను లాక్కున్నారు. రన్ దీవి అప్పటికి డచ్చివారి చేతిలోనే ఉంది. 1667 బ్రెడా ఒప్పందంలో ఎవరి చేతిలో ఉన్నది వారికే అని రాసుకున్నారు. ట్యులిప్ గడ్డల బేరాలు 1637లో కుప్పకూలి దేశం దివాలా తీసిందన్నదీ ఇలాంటి కథే. నష్టం కొద్దిమందికే. ఓడల వ్యాపారం యథాప్రకారం సాగింది.

అపోహ: 1741 కొలాచెల్ ఓటమితో డచ్చివారు ఇండియా వదిలేశారు.

వాస్తవం: కొలాచెల్‌లో తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ గెలుపు చిన్నదేం కాదు, మలబారులో వాళ్ల రాజకీయ ఆశలకు అది అడ్డుకట్ట వేసింది. అయినా 1795 వరకు కొచ్చి వాళ్లదే. కంపెనీని కుంగదీసింది అప్పులు, ఇంగ్లండుతో 1780–84 యుద్ధం. 1799 ఆఖరుకు అది రద్దయింది. భీమిలి, పులికాట్ వంటి స్థావరాలు మాత్రం యుద్ధకాలంలో ఇంగ్లీషువారి చేతికి పోయినా తిరిగి డచ్చివారికి దక్కాయి, 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఇంగ్లీషువారికి పూర్తిగా అప్పగించారు.