ట్రైలర్ మీద బైకులు, ట్రైకులు: కట్టు కంటే ముందు బరువు సంగతి (అపోహలు - వాస్తవాలు)

మొన్న మళ్ళీ అదే ఫోన్. "అన్నా, నాలుగు స్ట్రాపులు చాలా, ఆరు వెయ్యమంటారా?" ట్రైక్ (మూడు చక్రాల బైక్) కొని ఇంకా నెల కాలేదట. మొదటిసారి ట్రైలర్ మీద తీసుకెళ్తున్నాడు. రాత్రంతా వీడియోలు చూసి, ఉన్న టెన్షన్‌ని రెండింతలు చేసుకున్నాడు. స్ట్రాపుల గురించి, హుక్కుల గురించి పావుగంట అడిగాడు. ఓపిగ్గా విని నేనొకటే అడిగాను: "ట్రైక్ ముక్కు ఎటుంది తమ్ముడూ? కారుకి తగిలించే హిచ్ వైపా, వెనక ర్యాంప్ వైపా?"

"హిచ్ వైపే. నేరుగా ఎక్కించేశా. ఎటుంటే ఏంటన్నా?"

ఈ "ఎటుంటే ఏంటి" అన్న మాట వారానికి ఒకసారైనా వింటాను. బళ్ళు ట్రైలర్ మీద చేరవేయడమే నా పని. అందరికీ కట్టు ఊడిపోతుందేమోనన్న భయమే. బరువు ఎక్కడ కూర్చుందో ఎవరూ అడగరు.

అపోహ: గట్టిగా కడితే చాలు, బండి ట్రైలర్‌లో ఎక్కడున్నా ఒకటే

ఒకటి కాదు. లోడుతో సహా ట్రైలర్ మొత్తం బరువులో కొంత భాగం హిచ్ బాల్ మీద, అంటే ట్రైలర్‌ని తగిలించే కారు వెనక గుండు మీద, దిగాలి. నేను పట్టుకునే లెక్క 10 నుంచి 15 శాతం. అంతకంటే బాగా తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మెల్లగా పోతున్నప్పుడు ఏమీ తెలియదు, అదే మోసం. వేగం ఒక హద్దు దాటాక చిన్న కుదుపు చాలు. పక్కనుంచి బస్సు దూసుకుపోయినా, పల్లంలోకి దిగుతున్నా ఊపు మొదలై, ఒక్కో ఊపుకీ పెరుగుతూ పోతుంది. అలాగని బరువంతా ముందుకు తోస్తే కారు వెనకభాగం కుంగి, ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగ్, బ్రేకు రెండూ పట్టు తప్పుతాయి. శాతం ఎంతైనా సరే, మీ కారుకీ హిచ్‌కీ కంపెనీ రాసిన పరిమితి మాత్రం దాటకూడదు.

మామూలు బైకుల విషయంలో ఈ పొరపాటు కొంతవరకు చెల్లిపోతుంది. ట్రైకుల దగ్గరే కొంప మునుగుతుంది. ఉదాహరణకి హార్లే ట్రై గ్లైడ్ దాదాపు 560 కిలోలు. రెండు చక్రాలూ ఇరుసూ డిక్కీ అన్నీ వెనకే. ముందు చక్రం దగ్గర బరువు తక్కువ. దాన్ని ముక్కు ముందుకు పెట్టి నేరుగా ఎక్కిస్తే బరువైన భాగం ట్రైలర్ తోక దగ్గర చేరుతుంది. అందుకే చాలాసార్లు ఇలాంటివాటిని రివర్స్‌లో ఎక్కిస్తాం. కాన్-యామ్ స్పైడర్ లాంటివాటికి రెండు చక్రాలు ముందుంటాయి, బరువూ ముందుకే. వాటిని మామూలుగా నేరుగానే ఎక్కించాలి. "ట్రైక్ అంటే రివర్సే" అని ఎవరో చెప్పారని స్పైడర్‌ని తిప్పి ఎక్కించినవాళ్ళనీ చూశాను. తలబాదుకోవడం ఒక్కటే తక్కువ.

లెక్క చూడండి. ట్రైలర్ 300 కిలోలు, ట్రైక్ 560, మొత్తం 860. అంటే హిచ్ మీద 86 నుంచి 129 కిలోలు ఉండాలి. కావడి భుజం మీద కాస్త జరిగితే బరువు ఎలా ఒక పక్కకి లాగుతుందో, ట్రైలర్ ఇరుసు మీద లోడు కూడా అంతే. ఇరుసు నుంచి హిచ్‌కి 3 మీటర్ల దూరం ఉందనుకుంటే, ఆ ట్రైక్‌ని 30 సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరిపితే హిచ్ మీద బరువు 56 కిలోలు మారిపోతుంది. జానెడున్నర కూడా లేని దూరానికి!

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ చాలు. ట్రైలర్‌ని చదునైన నేల మీద పెట్టి, చక్రాలకి అడ్డు వేసి, కారు నుంచి విడదీయండి. హిచ్ దగ్గర కొన కింద, కారుకి తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తు వచ్చేలా, మెషీన్ మీద ఒక చెక్క దిమ్మ నిలబెట్టి దాని మీద దించండి. మెషీన్ ఎంత బరువు ఆపుతుందో ముందే చూసుకోండి. దించేటప్పుడు కాళ్ళు కింద పెట్టకండి.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, ఇది నాకు పుస్తకంలో దొరికిన చదువు కాదు. పనిలో కొత్త. పక్క సీట్లో మా మేస్త్రీ. వెనక ట్రైలర్‌లో ట్రైక్, నేను సులువుగా ఉందని నేరుగా ఎక్కించిందే. గంటకి 80 దాటి పల్లంలో దిగుతున్నాం. కుడిపక్క నుంచి బస్సొకటి దాటింది. అద్దంలో ట్రైలర్ ఎడమ లైటు కనిపించింది. మరుక్షణం ఎడమ అద్దంలోంచి అది పోయి, కుడి అద్దంలో కుడి లైటు. మళ్ళీ ఎడమ. సీటు కింద నుంచి కారుని ఎవరో పట్టుకుని అటూ ఇటూ ఊపుతున్నట్టుంది. నా కాలు బ్రేక్ మీదికి పోతుంటే మేస్త్రీ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. "తొక్కకు. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యి. స్టీరింగ్ నేరుగా పట్టుకో, అంతే." ఊపుకి ఎదురు తిప్పబోయినా, బ్రేక్ గట్టిగా తొక్కినా, వేగం పెంచి లాగేద్దామన్నా అయ్యేది కాదు. ట్రైలర్‌కి విడిగా చేత్తో వేసే బ్రేక్ ఉంటే దాన్ని మాత్రం వెయ్యొచ్చు, మాకది లేదు. వేగం తగ్గేకొద్దీ ఊపు దానంతటదే చచ్చింది.

ఒక పక్కన ఆపి దిగాం. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. వెళ్ళి కట్లు చూశాను. ఒక్క స్ట్రాప్ కూడా వేలెడంత వదల్లేదు. కట్టు తప్పేమీ లేదు.

ఆ ఫోన్ చేసిన కుర్రాడు సాయంత్రం మెషీన్ మీద పెట్టి చూసి మెసేజ్ పెట్టాడు: 41. తిప్పి ఎక్కించాక 104. ఇంట్లో మెషీన్ కనబడక గొడవైందట, అది వేరే విషయం.

ఇక మిగతావి గబగబా.

సైడ్ స్టాండ్ వేసి కడితే బైక్ కుదురుగా ఉంటుందంటారు. ఉండదు. గుంతలో పడ్డప్పుడల్లా సస్పెన్షన్ దిగుతుంది, కట్టు వదులవుతుంది, బరువంతా ఆ చిన్న స్టాండ్ మీద పడుతుంది. స్టాండ్ వంగిపోయిన బైకులు చూశాను. ముందు చక్రం చాక్‌లో (చక్రాన్ని పట్టి నిలిపే చట్రం) కూర్చోబెట్టి, స్టాండ్ ఎత్తేసి, నిటారుగా నాలుగు పక్కలా కట్టండి.

గట్టిగా కడితే ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ గొట్టాలు) సీళ్ళు పోతాయేమోనని భయపడేవాళ్ళని చూస్తే నాకు జాలి. పూర్తిగా అడుగంటేలా బిగించాల్సిన పని అసలు లేదు. ఫోర్క్ తన ప్రయాణంలో సగం దాకా దిగితే చాలు. స్ట్రాప్‌ని హ్యాండిల్ గ్రిప్పులకి కాదు, సాఫ్ట్ లూప్ (మెత్తటి పట్టీ ఉంగరం) వేసి కింది ట్రిపుల్ క్లాంప్‌కి, అంటే ఫోర్క్ గొట్టాలు రెండింటినీ కలిపి పట్టే దిమ్మకి, తగిలించండి. హుక్కుకి నాలుక ఉన్నది కొనండి. తెరిచిన హుక్కు ఒక్క కుదుపుకి జారి పడుతుంది.

స్ట్రాప్ మీద పెద్ద అక్షరాల్లో రాసింది చాలాసార్లు అది తెగే బరువు. మీరు చూడాల్సింది పని బరువు, అంటే అది భద్రంగా ఆపగలిగే బరువు. అది మామూలుగా తెగే బరువులో మూడో వంతు.

ట్రైక్ మూడు చక్రాల మీద తనే నిలబడుతుంది కదా, హ్యాండ్ బ్రేక్ వేస్తే సరిపోదా? సరిపోదు. ఒక్కో చక్రాన్నీ టైర్ మీంచి విడిగా డెక్‌కి కట్టండి. సస్పెన్షన్ దాని పని అది చేసుకుంటుంది. మామూలు ట్రైక్ ఎక్కించాలంటే ముందు చక్రానికి మధ్యలో మూడో ర్యాంప్ కావాలి, లేదా వెడల్పాటి ఒకటే ర్యాంప్. రెండు పలకల మీద ఎక్కించబోయి, మధ్య చక్రం గాల్లో ఉండగా ఫోన్ చేసినవాళ్ళున్నారు.

ట్రైలర్ ఎందుకు, ట్రైక్‌ని కారుకి తాడు కట్టి లాగేస్తే పోలా అనేవాళ్ళు సర్వి-కార్ పేరు ఎత్తుతారు. నిజమే, 1932 నుంచి 1973 దాకా హార్లే తయారుచేసిన ఆ మూడు చక్రాల బండి ఆ పనికే పుట్టింది. మెకానిక్ దాని మీద కస్టమర్ దగ్గరికి వెళ్ళి, దాన్నే టో బార్‌తో (లాగడానికి తగిలించే కడ్డీ) కస్టమర్ కారు వెనక తగిలించుకుని, ఆ కారుని గ్యారేజీకి నడుపుకొచ్చేవాడు. కానీ దాన్ని ఆ లెక్కలోనే తయారుచేశారు. మీ ట్రైక్‌ని అలా చెయ్యలేదు.

బైక్ మీద కవర్ కప్పితే పెయింట్‌కి మంచిదన్నది ఇంకోటి. ఓపెన్ ట్రైలర్‌లో గాలికి ఆ గుడ్డే ఉప్పుకాగితంలా రుద్దుతుంది. కప్పకండి.

చివరగా టైర్లు. ట్రెడ్ కొత్తలా ఉందని ట్రైలర్ టైర్‌ని నమ్మొద్దు. నెలలకొద్దీ కదలకుండా ఎండలో నిలబడి అరిగే లోపే పక్కన పగుళ్ళు వస్తాయి. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవండి. బయల్దేరిన 20 కిలోమీటర్లకి ఒకసారి ఆగి కట్లన్నీ మళ్ళీ బిగించండి, ఎందుకంటే మొదట కొంత దూరంలోనే అవి సర్దుకుని వదులవుతాయి. ఆగినప్పుడే చక్రాల మధ్య బేరింగ్ దగ్గర చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ట్రైలర్ అక్కడి నుంచి కదలకూడదు.